టీవీ సారు, మా అమ్మ చెయ్యి

మనుషుల మీద నాకు వచ్చిన కోపాలు చాలావరకు చల్లారిపోయాయి. ఒక టీవీ మీద వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. గద్వాలలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో, మేడ మీది మూల గదిలో, ఇనుప స్టాండుకు గొలుసు వేసి దాన్ని కట్టేశారు. ఎవరన్నా ఎత్తుకుపోతారని భయం. మా సారును నాగర్‌కర్నూల్‌కు ఎత్తుకుపోతే ఒక్కరూ అడ్డం పడలేదు గానీ, టీవీకి మాత్రం తాళం వేశారు.

ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. నేను బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా బాటనీ సారు భార్యకు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం. ఆయన ఎవరెవరినో పట్టుకుని అక్కడికే బదిలీ చేయించుకున్నాడు. ఆయన కుర్చీలోకి మళ్లీ మనిషి రాలేదు. నెల తిరిగేసరికి మేడ మీద డిష్షు, గదిలో టీవీ వచ్చాయి. ప్రిన్సిపాల్ కొబ్బరికాయ కొట్టి, టీవీకి బొట్టు పెట్టి, మా వైపు తిరిగాడు.

"ఇగ మీకు ఊరి సార్లతోని పనిలేదు. హైదరాబాద్ ప్రొఫెసర్లే మీ కాడికి వస్తరు. దీన్ని ఆన్‌లైన్ క్లాసంటరు."

మేం చప్పట్లు కొట్టాం. కొట్టిన చేతుల్లో నావీ ఉన్నాయని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాఠం పదకొండు నుంచి పన్నెండు దాకా. మా కాలేజీ ఉన్న వైపు పదకొండున్నరకు కరెంటు కోత. ఈ సంగతి పిల్లలకు తెలుసు, అటెండరుకు తెలుసు, గేటు ముందు మిర్చిబజ్జీలు వేసే ఆమెకు తెలుసు. పాఠం వేళ పెట్టినవాళ్లకే తెలియదు. పోయి చెప్తే, అది రాష్ట్రమంతటికీ పెట్టిన వేళ, గద్వాల కోసం మారదన్నాడు ప్రిన్సిపాల్. పోనీ కోత వేళ మారుతుందా అంటే అదీ మారదన్నాడు. కాబట్టి మేమే మారాం. ప్రతి పాఠమూ సగమే ఉంటుందని అలవాటు పడ్డాం.

కరెంటు పోయాక ఇంటికి పోనిస్తారా అంటే అదీ లేదు. మేం జారుకుంటామని అటెండరు బయట గడియ పెట్టేవాడు. పాఠం హైదరాబాద్‌లో నడుస్తూనే ఉంది గదా, అది అయిపోయేదాకా మీరు కూర్చోవాలి అనేవాడు. నల్లటి అద్దంలో మా మొహాలు మేమే చూసుకుంటూ పన్నెండింటి దాకా కూర్చునేవాళ్లం. రిజిస్టరులో మాత్రం రోజూ ఒకే వాక్యం: విద్యార్థులు ఒక గంట పాఠం వీక్షించారు.

అట్లా నాకు బాటనీ అంతా సగం సగం వచ్చింది. కణం రెండుగా చీలడం మొదలుపెట్టింది, చీలనే లేదు. వేరు నీళ్లు పీల్చింది, ఆ నీళ్లు ఆకుదాకా పోలేదు. ఇక ఆ టీవీ సారు. కళ్లద్దాలు పెట్టుకుని, టై కట్టుకుని వచ్చేవాడు. మధ్యమధ్య ఆగి "అర్థమైందా?" అని అడిగేవాడు. రెండు క్షణాలు చూసి, "సరే, ముందుకు వెళ్దాం" అనేవాడు. మొదట్లో మా వెనక బెంచీ ఆడపిల్లలు "కాలేదు సార్" అని గట్టిగా అరిచి పడీ పడీ నవ్వేవాళ్లు. నెలరోజుల తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈయనకైతే వినేవాడు కనబడను కూడా కనబడడు.

మిగతా పాఠాలు సగమే వచ్చినా నేను పెద్దగా ఏడవలేదు. ఒక్క పాఠం సగంలో ఆగినందుకు మాత్రం నిజంగా ఏడ్చాను. అది ఎందుకో తెలియాలంటే మా అమ్మ చేతి సంగతి చెప్పాలి.

మాది అయిజ వైపు పల్లె. మాకున్నది ఒక ఎకరం మెట్ట. దాని మీద బతకలేక నాయిన ఏటా పూనా వైపు మట్టి పనికి పోయి, ఉగాదికి వచ్చి, వానలు పడి విత్తనం వేసి మొలక లేచేదాకా ఉండేవాడు. అమ్మ, నేను మోతుబరుల సీడు పత్తి చేన్లలో కూలికి పోయేవాళ్లం. సీడు పత్తి అంటే కంపెనీ ప్యాకెట్ విత్తనాల కోసం పండించే పత్తి. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం గోటితో చీల్చి, లోపలి పుప్పొడి తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగచెట్టు అనే వేరే జాతి పత్తి పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్ని మా దగ్గర చదువురాని ముసలమ్మలు కూడా క్రాసింగ్ అనే అంటారు. ఆరో తరగతి నుంచీ నా బొటనవేలి గోరు పసుపుపచ్చగానే ఉండేది. కాలేజీలో చేరాక సాయంత్రాలు మాత్రం పోయేదాన్ని. పొద్దుటి సాళ్లు నావి కూడా అమ్మే చేసేది.

మా ఊళ్లో విత్తనం వేసే రోజు మొదటి గింజలు వేసేది ఆడమనిషి. ఆమె చెయ్యి మంచిదై ఉండాలి. మా అమ్మ చెయ్యి మంచిదని పేరు. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చిందంటే నలుగురైదుగురు మా గుడిసె ముందుకు వచ్చి, "వదినా, మా చేన్ల నువ్వే ఎయ్యాలె" అని తీసుకుపోయేవాళ్లు. ఒక చీర ముక్కో, శేరు జొన్నలో ఇచ్చేవాళ్లు. అమ్మకు వాటికంటే ఆ పిలుపు ఎక్కువ. ఆ రోజు తలకు నూనె రాసుకుని, కొప్పు గట్టిగా ముడుచుకుని, ఇంటావిడలా కాకుండా పెళ్లిపెద్దలా నడిచేది.

నేను కాలేజీలో చేరిన ఏడు, ప్యాకెట్ విత్తనం కొనే దారి లేక, అంతకు ముందు ఏడు మా చేనులో ప్యాకెట్ గింజకు పండిన పత్తిలోంచే అమ్మ గింజలు దాచింది. తనే దూది వలిచి, బూడిద కలిపి, కుండలో పెట్టింది. తన చేత్తోనే వేసింది. ఒక చెట్టు నడుమెత్తు పెరిగింది, పక్కది మోకాలు దాటలేదు. ఒకటి గుత్తులు గుత్తులుగా కాసింది, ఒకటి ఆకులతోనే సరిపెట్టింది. ఆ ఏడు మాకు ఏమీ మిగల్లేదు. విత్తనాల కంపెనీ మనిషిని అడిగితే, "దాపెట్టిన గింజ గంతే" అని బండెక్కి పోయాడు. నాయిన మాత్రం ఉగాదికి వచ్చి, చేను గట్టు మీద నిలబడి, పదిమంది వింటుండగా అన్నాడు.

"దీని చెయ్యి చెడ్డది."

అంతే. మరుసటి మిరుగుకు మా గుడిసె ముందుకు ఒక్కరూ రాలేదు. మా చేనులోనే మొదటి గింజ వేయడానికి నాయిన పక్కింటి పెద్దమ్మను పిలుచుకొచ్చాడు. అమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. ఊళ్లో పొయ్యి వెలిగించడానికి నిప్పు అడిగే మనిషి కూడా, మా అమ్మ చేతిని ఒకసారి చూసి అడుగుతున్నట్టు నాకు అనిపించేది. నేను ఊరు మొత్తాన్నీ అసహ్యించుకున్నాను. నాయినను అందరికంటే ఎక్కువ.

ఇక ఆ పాఠం. టీవీ సారు బఠాణీ మొక్కల గురించి చెప్తున్నాడు. పొడుగు మొక్కకు పొట్టి మొక్కతో క్రాసింగ్ చేశారట. ఆ మాట వినగానే నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. అది మా మాట, నా గోటి మాట. మొదటి తరంలో అన్నీ పొడుగు మొక్కలే వచ్చాయట. "ఇప్పుడు ఈ మొక్కల గింజలే దాచి మళ్లీ నాటితే ఏమవుతుందో చూద్దాం" అని ఆయన సుద్దముక్క ఎత్తాడు.

కరెంటు పోయింది.

నేను ఏడుస్తూ లేచి టీవీని రెండు చేతులతో బాదాను. అటెండరు గడియ తీసి వచ్చి, సర్కారు సొమ్మును కొడుతున్నావని నన్ను ప్రిన్సిపాల్ దగ్గరికి పంపాడు. గైడు తెచ్చుకుని చూశాను. "రెండవ తరములో లక్షణములు విడిపోవును" అని ఒక్క ముక్క ఉంది. ఎందుకు విడిపోవునో ఆ రాసినవాడికే తెలియాలి.

ఊరికి వచ్చి, చేన్లోకే పోయి అమ్మకు చెప్పాను, నీ గింజల సంగతి మా పుస్తకంలో ఉందని. సాయంత్రం మొగ్గలు గిల్లుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నా చెయ్యి సంగతా?"

"నీ చెయ్యి కాదే, గింజ సంగతి. నీ చేతిల ఏం లేదు, గింజల్నే ఉన్నది. ఏముందో సగమే చెప్పిండు."

"అడుగు మరి. మీ టీవీ సారును అడుగు."

టీవీని అడగడం ఎట్లాగో అమ్మకు తెలియదు. నిజానికి అడగొచ్చు. ప్రతి పాఠం చివర పది నిమిషాలు ఫోన్లు తీసుకునేవాళ్లు. ఆ పది నిమిషాలు వచ్చేసరికి మేం చీకటి అద్దం ముందు ఉండేవాళ్లం కనక, గద్వాల నుంచి ఒక్క పిల్ల కూడా ఎన్నడూ ఫోన్ చేయలేదు.

ఆ చలికాలంలో, పైనుంచి అధికారులు మా ఆన్‌లైన్ క్లాసు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అధికారులు చీకట్లో కూర్చోలేరు గదా. ప్రిన్సిపాల్ పెళ్లిళ్లకు టెంట్లు వేసేవాళ్ల దగ్గర జనరేటర్ మాట్లాడాడు. ఇన్ని నెలలూ మా కోసం దొరకని కరెంటు ఒక్కరోజులో దొరికింది. ఫోన్ చేసే పని నాకు అప్పగించారు. చేన్లలో సాలు ఈ కొస నుంచి ఆ కొసకు పిలిచి పిలిచి నా గొంతు పెద్దదైందని. ఏం మాట్లాడాలో ప్రిన్సిపాల్ తెల్లకాగితం మీద రాసిచ్చాడు: ఆన్‌లైన్ క్లాసులు మాకు ఎంతో ఉపయోగపడుతున్నాయి, గ్రామీణ విద్యార్థుల తరఫున కృతజ్ఞతలు. ఆ రోజు పాఠం కూడా ఆ బఠాణీ పాఠమే, పరీక్షల ముందు మళ్లీ చెప్తున్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకున్నాను. చదవకూడదని అప్పుడే అనుకున్నాను.

పదకొండున్నరకు కరెంటు పోయింది, జనరేటర్ లేచింది. దాన్ని సరిగ్గా మా గది కిటికీ కింద పెట్టారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, బొమ్మ వచ్చింది, మాట పోయింది. టీవీ సారు పెదాలు ఆడుతున్నాయి, వినబడేది డీజిల్ మోత. అధికారులు ముందు కుర్చీల్లో కూర్చుని, బాగా వినబడుతున్నట్టు తలలాడిస్తున్నారు.

ఫోన్ కింద ప్రిన్సిపాల్ గదిలో ఉంది. నేను, ప్రిన్సిపాల్ అక్కడ నిలబడి నంబరు తిప్పాం. పదోసారో పన్నెండోసారో కలిసింది. అవతల ఎవరో ఆవిడ ఊరు అడిగి, "మీ టీవీ సౌండు తగ్గించండి" అంది. మా టీవీ సౌండు మాకే వినబడటం లేదమ్మా అనబోయి మింగాను. అంతలో ఆయన గొంతు. టీవీలో వినీ వినీ విసుగెత్తిన గొంతు, నా చెవిలో, "చెప్పమ్మా" అంది.

"సార్, మాది పత్తి చేను సార్. మా అమ్మ పండిన పత్తిల గింజలు దాపెట్టి యేస్తే ఒక చెట్టు పొడుగు, ఒక చెట్టు పొట్టి వచ్చినయి సార్. మా అమ్మ చెయ్యి చెడ్డదంటుండ్రు. అది చెయ్యితోని అయితదా, గింజతోని అయితదా సార్?"

ప్రిన్సిపాల్ కళ్లు నా గుప్పిట్లోని కాగితం మీద ఉన్నాయి. అవతల టీవీ సారు, "చాలా మంచి ప్రశ్న. ఇందాక నేను చెప్పిన పాఠమంతా ఇదేనమ్మా. మీ అమ్మగారికి కూడా చెప్పు. బోర్డు మీద చూపిస్తాను, చూడు" అన్నాడు. ఫోన్ టక్కున పెట్టేశారు.

నేను మెట్లు రెండేసి దూకుతూ మేడ మీదికి పరిగెత్తాను. తలుపు తోసుకుని లోపలికి పోయేసరికి ఆయన బోర్డు మీద గళ్లు గీస్తున్నాడు. గళ్లలో అక్షరాలు వేస్తున్నాడు. కెమెరా వైపు తిరిగి, నవ్వి, ఏదో చెప్తున్నాడు, నాకే చెప్తున్నాడు. కిటికీ కింద జనరేటర్ బర్రున మొత్తుకుంటోంది. పోయి టీవీకి చెవి ఆనించాను. పెద్ద సారువాళ్లకు బొమ్మ అడ్డం వస్తున్నానని అటెండరు నా జబ్బ పట్టి వెనక్కి లాగాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, నా ప్రశ్నకు జవాబు రాష్ట్రమంతా విన్నది, నేను తప్ప. నా పక్క బెంచీ అమ్మాయి ఆ గళ్లు మాత్రం నోట్సులో దించి పెట్టింది. ఏం చెప్పాడే అంటే, "మస్తు చెప్పిండు, ఏం చెప్పిండో తెల్వదు" అంది.

అధికారులు పోయాక ప్రిన్సిపాల్ నన్ను నిలబెట్టాడు. "నేను రాసిచ్చిందేంది, నువ్వు చదివిందేంది? మీ ఇంటి పంచాయితీ రాష్ట్రానికి చెప్తవా?" మర్నాడు పేపరు జిల్లా పేజీలో, అధికారులు టీవీ చూస్తున్న ఫోటో పడింది. ఆన్‌లైన్ క్లాసులో విద్యార్థులు నేరుగా సందేహాలు తీర్చుకున్నారని రాశారు. ఆ పేపరును నేను పొయ్యిలో పెట్టాను.

అంతకు ముందు రోజు, ఫోన్ చేసిన సాయంత్రమే, అమ్మ ఊరి బయట బస్సు ఆగే చోటికే ఎదురొచ్చింది.

"అడిగితివా?"

"అడిగిన."

"ఏం జెప్పిండు?"

"ఇనబడలే అమ్మా."

అమ్మ నన్ను తిట్టలేదు. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ముందు నడిచింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం గడిచాక సోమవారం కాలేజీ ఎగ్గొట్టాను. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, బీచుపల్లి వంతెన దాటి, వనపర్తిలో ఇంకో బస్సెక్కి నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి కాలేజీలో మా పాత సారు కోసం అడిగితే ఒక గది చూపించారు. తొంగి చూస్తే టీవీ. దాని పక్కన కుర్చీలో మా సారు. పిల్లల హాజరు వేసుకుంటున్నాడు. ఇక్కడ మనిషి ఉన్నా సరే, టీవీ రావాల్సిందేనట, వచ్చింది. నన్ను చూసి లేచాడు.

"ఆ పొద్దు ఫోన్ చేసింది నువ్వే గదా? గొంతు వినంగనే అనుకున్న. ప్రొఫెసర్ మంచిగనే చెప్పిండు గదా, ఇంత దూరం ఎందుకొచ్చినవ్? వినలేదా?"

"జనరేటర్ విన్నది సార్" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. నా నోట్సు తీసుకుని, ఆ గళ్లలో వేలు పెట్టి చెప్పాడు. ప్యాకెట్ గింజ రెండు జాతుల పత్తికి పుట్టింది. మొదటి కాపులో బిడ్డలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఆ బిడ్డల గింజ మళ్లీ వేస్తే, లోపల దాగిన అవ్వ గుణం, తాత గుణం విడివిడిగా బయటికి వస్తాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరు వేసినా అంతే, దేవుడు దిగి వచ్చి వేసినా అంతే. పది నిమిషాలు పట్టింది. గోడ గడియారం చూసే చెప్తున్నాను. ఈ పది నిమిషాల మనిషిని గద్వాలలో ఉంచలేక, డిష్షులు, గొలుసులు, జనరేటర్లు పెట్టారు. సారు మీద కూడా నాకు కోపం వచ్చింది. చెప్పడం ఇంత బాగా వచ్చినవాడు మమ్మల్ని వదిలి ఎందుకు పోయాడని. ఆయన బస్టాండు దాకా వచ్చి అరటిపళ్లు కొనిచ్చాడు. తీసుకున్నాను గానీ సరిగా మాట్లాడలేదు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, నేను గట్టెక్కాను. అమ్మకు పొయ్యి బూడిదలో గళ్లు గీసి చెప్తే ఒక్కసారికే అర్థమైంది. "అయితే నాది కాదు" అని, మళ్లీ, "నాది కాదు" అంది. కానీ చెయ్యి చెడ్డదన్నవాడు నాయిన. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది కూడా ఆయనే.

మిరుగు వచ్చింది. ఆ ఏడు నాయిన ఎట్లాగో ప్యాకెట్ విత్తనమే కొన్నాడు. విత్తే రోజు పొద్దున్నే పెద్దమ్మను పిలవడానికి భుజం మీద తువ్వాల వేసుకుని బయల్దేరాడు. నేను అడ్డం పోయి, కట్టెపుల్లతో నేల మీద గళ్లు గీసి అంతా చెప్పాను. వంగి చూసి, చివరిదాకా విన్నాడు.

"ఇది ఎవలు జెప్పిండ్రు?"

"మా సారు. నాగర్‌కర్నూల్‌ల ఉన్నడు."

"సార్లు శానా జెప్తరు." తువ్వాల దులుపుకుని రెండడుగులు వేసి ఆగాడు. "టీవీల జెప్పిండ్రా?"

ఆ గొలుసు, ఆ గడియ, ఆ నల్లటి అద్దం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాకిట్లో అమ్మ విత్తనాల గంప పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది.

"జెప్పిండ్రు" అన్నాను. "హైదరాబాద్ ప్రొఫెసర్ జెప్పిండు. రాష్ట్రమంత సూశింది."

"గట్లనా! గట్లయితే కరెక్టే." నాయిన మొహం విప్పారింది. అమ్మ వైపు తిరిగి, "పా, ఇత్తు నువ్వే ఎయ్యి" అన్నాడు.

అమ్మ గంపను మెల్లగా కింద పెట్టింది.

"ఏడాది సంది నా చెయ్యి మంచిదే అంటే ఇనలే. కన్నబిడ్డ ఇప్పుడు నేల మీద గీసి జెప్తే ఇనలే. టీవీ జెప్తే ఇన్నవా? పో, గా టీవీని తెచ్చి దానితోనే ఏపిచ్చుకో."

ఆ మాట అని గట్టు మీదికి పోయి, అటు తిరిగి కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. అమ్మ చెయ్యి మంచిదని తనే ఒప్పుకున్నాక పెద్దమ్మను పిలిస్తే నలుగురూ నవ్వుతారు, అమ్మ లేవదు. చివరికి నాయినే తువ్వాల తలకు చుట్టి, మొదటి గింజలు వేశాడు.

వారానికి మొలకలు లేచాయి. అన్నీ ఒక్క ఎత్తున, ఒక్క తీరుగా ఉన్నాయి. ప్యాకెట్ విత్తనం, ఎవరు వేసినా అంతే. నాయిన చేను మధ్యలో నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు.

"సూశినవా, నా చెయ్యి ఎంత మంచిదో" అన్నాడు.

అమ్మ నా వైపు ఒకసారి చూసి, కొంగు నడుముకు బిగించి, కలుపు తీయడానికి సాల్లోకి దిగింది.